రెండు కుర్చీల విమానం

గత సంచికలో ఇదే శీర్షిక కింద, సెలవు రోజుల్లో పిల్లల చేతులకు ఏదో ఒక పని ఉండాలని వ్రాశాను. దానికి స్పందిస్తూ కొందరు సోదరీమణులు “సలహా బాగానే ఉన్నది, మరి మీ ఇంట్లో మీరేం చేస్తున్నారు?” అని ఉత్తరాలు వ్రాశారు. న్యాయమైన ప్రశ్న. మా ఇంట్లో భోజనాల బల్లలో సగభాగాన్ని జూన్ నెల నుంచి ఒక విమానం ఆక్రమించుకొని ఉన్నది. చాచిన అరచేతికి సరిపోయేటంత చిన్న విమానమే. అది తెచ్చిపెట్టిన చర్చ మాత్రం అంత చిన్నది కాదు.

ఉద్యోగరీత్యా మేము అరకు లోయలో స్థిరపడ్డాము. ఇక్కడ ముసురు పట్టిందంటే పిల్లలకు మైదానం మూతపడినట్లే. దుబాయిలో పని చేస్తున్న మా బావమరిది మొన్న వేసవిలో వచ్చినప్పుడు 14 ఏళ్ల మేనల్లుడికి ఒక పెట్టె తెచ్చి ఇచ్చాడు. ఎవరో అభిరుచి తీరిపోయి అమ్మివేసిన పెట్టె. మూత మీద నారింజ రంగు జోడు రెక్కల విమానం బొమ్మ. లోపల బూడిద రంగు ప్లాస్టిక్ చట్రాలు రెండు, ఇంజనుకు రెసిన్ ముక్కలు కొన్ని, గాలి అద్దాలకు పల్చని పారదర్శక రేకు, ఒక కాగితం. రెండవ ప్రపంచ యుద్ధ కాలంనాటి జపాన్ నౌకాదళ శిక్షణ విమానానికి అది 72వ వంతు నమూనా.

ఇటువంటి పెట్టెలను పరిమిత సంఖ్యలో తయారు చేస్తారు. పెద్ద సంస్థలు గట్టి ఉక్కు అచ్చులు చెక్కించి లక్షల ప్రతులు తీస్తాయి. ఆ ఖర్చు పేరుమోసిన యుద్ధ విమానాలకే గిట్టుబాటవుతుంది. శిక్షణ విమానాన్ని కొనేవారెందరు? అందుచేత చిన్న కార్ఖానాలు చవకగా మెత్తని అచ్చులు చేసి, తక్కువ ఒత్తిడితో ప్లాస్టిక్కును పోసి, కొద్దిపాటి ప్రతులు తీసి ఆపివేస్తాయి. ఫలితంగా ముక్కల అంచుల వెంట పొరలు పొరలుగా అదనపు ప్లాస్టిక్ వేలాడుతుంది. ఒక ముక్క మరొక ముక్కలో కూర్చోవడానికి మేకులుండవు, బెజ్జాలుండవు. రెక్కలు మందంగా ఉంటాయి. పెట్టె తెరచిన మొదటి రోజున మా అబ్బాయి ముక్కలను ఒకదానికొకటి ఆనించి చూసి, “అబ్బా, ఇది పాడైపోయిన కిట్టు” అని మూత వేసేశాడు.

పాడైపోయినది కాదు, పూర్తి కానిది. ఆ భేదం వాడికి తెలియడానికి నెల రోజులు పట్టింది.

విమానం సంగతి కొంచెం చెప్పాలి. జపాన్ వారి రాజశకం ప్రకారం 2593వ సంవత్సరంలో, అంటే మన లెక్కన 1933లో రూపొందినది గనుక దానికి ‘93 రకం మధ్యమ శిక్షణ విమానం’ అని పేరు. యొకోసుకా కె5వై అన్నది సాంకేతిక నామం. కొయ్య, ఉక్కు గొట్టాల చట్రం మీద గుడ్డ కప్పి చేసినది. 1945 దాకా 5,770 విమానాలు తయారైనవి. దూరం నుంచి కనబడాలని శిక్షణ విమానాలకు నారింజ రంగు పూసేవారు. అందుకే జపాన్ ప్రజలు దానిని ‘అకాతొంబో’ అన్నారు. ఎర్ర తూనీగ అని అర్థం. వాన వెలిసిన సాయంత్రం మా ఇంటి దిగువన మెట్ల పొలాల మీద తూనీగలు గుంపులుగా తిరుగుతుంటే, ఆ పేరు పెట్టినవారు కూడా వరిచేల మధ్య పెరిగినవారే కదా అనిపిస్తుంది. మిత్రరాజ్యాల సైన్యాలు మాత్రం జపాన్ విమానాలకు తమ సౌలభ్యం కోసం వేరే పేర్లు పెట్టుకున్నాయి. యుద్ధ విమానాలకు మగవారి పేర్లు, బాంబర్లకు ఆడవారి పేర్లు, శిక్షణ విమానాలకు చెట్ల పేర్లు. మన ఎర్ర తూనీగకు ‘విల్లో’ అని ఒక చెట్టు పేరు వచ్చింది. మా అమ్మాయికి ఇది ఎంతో నచ్చింది. కాఫీ తోటల్లో మిరియం తీగ పాకిన సిల్వర్ ఓక్ చెట్లను చూపిస్తూ, వాటి పేరున కూడా ఒక విమానం ఉండవచ్చునని వాదిస్తుంది.

నిజం చెప్పాలంటే ఆ పెట్టెను ఇంట్లో ఉంచడానికి మొదట నాకు మనసు ఒప్పలేదు. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మా నానీ ఆనాటికి చిన్నపిల్ల. ఎడ్లబండిలో సామాను వేసుకొని ఊరు విడిచిన సంగతిని చివరి రోజుల వరకు చెప్పేది. అన్నీ మరచినా, వండిన అన్నం గిన్నెను పొయ్యి మీదనే వదిలివచ్చిన మాట మరువలేదు. ఆనాటి జపాన్ నౌకాదళ చోదకులలో చాలామంది ఎగరడం నేర్చుకున్నది ఈ ఎర్ర తూనీగ మీదనే. మన తీరానికి వచ్చినవారికి కూడా ఇదే ఒజ్జ అయి ఉండవచ్చు. ఈ సంగతి ఇంట్లో చెప్పాను. “నేర్పినదానిది తప్పా? నేర్చుకున్నవారిది తప్పా?” అని మా ఆవిడ అడిగింది. నా దగ్గర సిద్ధంగా సమాధానం లేదు. పెట్టె ఉండిపోయింది.

పని మొదలయ్యాక మా అబ్బాయికి మొదట పట్టుబడినది లెక్క. అసలు విమానం రెక్కల విస్తారం 11 మీటర్లు. 72 చేత భాగిస్తే 15.3 సెంటీమీటర్లు రావాలి. కొలిచాడు, సరిపోయింది. పొడవు 8.05 మీటర్లు, అంటే నమూనాలో 11.2 సెంటీమీటర్లు. కొలిచాడు, 3 మిల్లీమీటర్లు తక్కువ! “3 మిల్లీమీటర్లే కదా” అన్నాను. వాడు కాగితం మీద గుణించి చూపించాడు: అసలు విమానంలో అది 21.6 సెంటీమీటర్లు. రెక్క వెనుక అంచు మందం ఒక మిల్లీమీటరు ఉన్నది. అసలు కొలతకు తెస్తే 7 సెంటీమీటర్ల దిమ్మ. గుడ్డ కప్పిన రెక్కకు అంత మొద్దు అంచు ఉంటుందా? ఆ రోజు నుంచి మా ఇంట్లో మిల్లీమీటరుకు మర్యాద పెరిగింది.

రెక్కల అంచులను ఎమిరీ కాగితం నీటిలో తడిపి లోపలి వైపు నుంచి అరగదీశాము. బయటి వైపు నుంచి గీస్తే గుడ్డ కింద వాసాల ఆకారాన్ని సూచించే సన్నని గీతలు చెరిగిపోతాయి. నాలుగు రెక్కలకు తొమ్మిది సాయంత్రాలు పట్టింది. పొడవులో లోపించిన 3 మిల్లీమీటర్లను తోక ముందు కోసి, మధ్యలో ప్లాస్టిక్ పలకలు పేర్చి, లప్పం పెట్టి పూడ్చాము. కోత పెట్టేముందు వాడి చెయ్యి వణికింది. నాది కూడా వణికింది కానీ నేను బయటపడలేదు. ఒకవేళ చెడితే మరొకటి దొరకదు. పరిమిత సంఖ్య అంటే అదే.

మేకులు లేని అతుకులది అసలు కష్టం. రెండు రెక్కల మధ్య నిలువు కర్రలు వట్టి జిగురు మీద నిలబడవు. రెండు వైపులా సన్నని బెజ్జాలు వేసి, మధ్యలో ఇత్తడి తీగ ముక్కను దూర్చి అతికించాలి. తీగ అయిపోయినప్పుడు, మా వీధి చివర బుట్టలు అల్లే పెద్దాయన తన చాకుతో వెదురును చీల్చి దారమంత ఈనెలు తీసి ఇచ్చాడు. విమానం గురించి ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఎంత సన్నం కావాలి అని మాత్రం అడిగాడు. మా అబ్బాయి గుండుసూది చూపించాడు. ఆయన దానికన్నా సన్నగా తీశాడు. మా విమానం పై రెక్కను ఇప్పుడు నిలబెట్టినవి అరకు వెదురు ఈనెలే. రెక్కల మధ్య బిగింపు తీగలకు ఏమీ కొనలేదు. మిగిలిన చట్రం ముక్కను కొవ్వొత్తి మంటకు కొంచెం ఎగువన తిప్పుతూ వేడి చేసి, మెత్తబడగానే రెండు చేతులా నిదానంగా లాగితే వెంట్రుకంత తీగ వస్తుంది. ఈ పనిని పిల్లలు పెద్దల సమక్షంలోనే, కిటికీలు తెరిచి చేయాలి. కరిగిన ప్లాస్టిక్ పొగ మంచిది కాదు.

విమానం లోపలి భాగంలో కిట్టు ఇచ్చినది రెండు కుర్చీలు, ఒక నేల పలక మాత్రమే. అసలు విమానంలో పక్కలకు గొట్టాల చట్రం కనిపిస్తుంది. దానిని తీగతో కట్టుదామన్నాను. “రెండు సగాలూ అతికించాక ఎవరు చూస్తారబ్బా?” అన్నాడు. ఈ మాట వినని తండ్రి ఉండడు. ఇల్లు ఊడ్చేటప్పుడు మంచం కింద, హోంవర్కు చేసేటప్పుడు చివరి పేజీలో, వుజూలో మడమల దగ్గర ఇదే మాట. ఆ వేళ ఉపన్యాసమివ్వాలన్న ఉబలాటం కలిగిన మాట వాస్తవం. కానీ ఊరుకొని, నేనే ఒక పక్క చట్రం కట్టడం మొదలుపెట్టాను. నా కళ్లజోడు బలం చాలక మూడు గొట్టాలు వంకరగా వచ్చాయి. వాడు కాసేపు చూసి, పట్టకారు నా చేతిలోంచి తీసుకున్నాడు.

రంగు దగ్గర అరకు వాతావరణం మాతో ఆడుకున్నది. గాలిలో తేమ ఎక్కువైనప్పుడు లక్క జాతి రంగులు వేస్తే పైపొర పాలవలె తెల్లబారుతుంది. ఆగస్టులో పూసిన మొదటి పూత అలాగే పోయింది. మొత్తం గీకివేసి అక్టోబరు చివరి దాకా ఆగాము. ఆ మధ్యకాలంలో బంధువుల పెళ్లికి వెళ్తూ ఏటికొప్పాకలో ఆగి, వరాహ నది ఒడ్డున లక్క బొమ్మల పని చూపించాను. అంకుడు కర్రను తరిణ మీద తిప్పుతూ లక్క కణికను ఆనిస్తే, రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. కుంచె లేదు, ఎండబెట్టడం లేదు. మా అబ్బాయి గంటసేపు కదలలేదు. విమానాన్ని నిలబెట్టడానికి ఒక గుండ్రని పీఠం చేయించుకొని వచ్చాడు.

పెట్టెలో చోదకుల బొమ్మలు రెండు ఉన్నవి. ప్రాణుల ప్రతిమల విషయంలో మన ఉలమాల అభిప్రాయాలు పాఠకులకు తెలిసినవే. మేము వాటిని వాడలేదు. కుర్చీలు ఖాళీగానే ఉంచాము.

ఇక ఆ చర్చ సంగతి. సెప్టెంబరులో ఒక రాత్రి బల్ల తుడుస్తుంటే, విమానం కడుపు కింద మైనంతో అంటించిన చిన్న వస్తువు కనిపించింది. చట్రం ముక్కను నున్నగా అరగదీసి, తోక చివర నాలుగు రేకులు అతికించి చేసిన బాంబు. అప్పటి వరకు వాడు చేసిన ముక్కలన్నింటిలోనూ అదే అందంగా ఉన్నది. అది నన్ను మరింత కలతపెట్టింది.

మరునాడు అడిగితే దాచలేదు. “అబ్బా, ఇది ఉత్త బడి విమానం కాదు. అమెరికా యుద్ధనౌకను ముంచింది” అన్నాడు. వాడు చదివినది నిజమే. యుద్ధం చివరి నెలల్లో విమానాలు కరువై జపాన్ సైన్యం శిక్షణ విమానాలకు కూడా బాంబులు కట్టి, కుర్రవాళ్లను ఎక్కించి, శత్రు నౌకల మీద పడి చావమని పంపింది. 1945 జులై 29 అర్ధరాత్రి దాటాక అటువంటి ఎర్ర తూనీగ ఒకటి ఒకినావా దగ్గర కాలగన్ అనే అమెరికా విధ్వంసక నౌకను ఢీకొన్నది. కొయ్య, గుడ్డల కట్టడం గనుక రాడారుకు తేలికగా చిక్కలేదు. నౌక మునిగిపోయింది. 47 మంది నావికులు మరణించారు. ఆ రీతి దాడిలో మునిగిన చివరి అమెరికా నౌక అదే. మరి 17 రోజులకు జపాన్ లొంగుబాటు ప్రకటించింది.

ప్రాణాన్ని చేజేతులా తీసుకోవడం ఎంతటి నిషిద్ధమో వాడికి తెలియనిది కాదు. తెలిసినదానినే మళ్లీ చెబితే తల ఊపుతాడు, బాంబు మాత్రం మనసులో అక్కడే ఉంటుంది. అందుకని వేరే దారి పట్టాను.

“బేటా, ఈ విమానంలో కుర్చీలెన్ని?”

“రెండు.”

“రెండవది ఎవరిది?”

“ఉస్తాదుది.”

“ఆయన ఎందుకు కూర్చుంటాడు?”

“నేర్పడానికి.”

“పైకి లేపడమేనా నేర్పేది?”

వాడు కొంతసేపు రెక్కను వేలితో తడుముతూ, “దింపడం కూడా” అన్నాడు. దిగడం నేర్పడానికే ఎక్కువ కాలం పడుతుందని కూడా వాడే చెప్పాడు. ఆ పైన నేనేమీ అనలేదు. వాడు బాంబు తీయనూ లేదు.

వారం తరువాత, అదే విమానానికి యుద్ధం ముగిశాక ఏమైందో వెదికి పట్టుకున్నాను. ఈ భాగం మన పత్రిక పాఠకులకు ప్రత్యేకంగా చెప్పదగినది. జపాన్ ఓడిపోయి వెళ్తూ జావా ద్వీపంలోని యోగ్యకర్త దగ్గర మగువో విమానాశ్రయంలో కొన్ని ఎర్ర తూనీగలను వదిలిపోయింది. 1945 ఆగస్టు 17న ఇండొనేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది. డచ్చి ప్రభుత్వం తిరిగి రావాలని చూస్తున్నది. కొత్త దేశానికి విమానాలు లేవు, చోదకులు దాదాపుగా లేరు. జపాన్ భాషలో మధ్యమ శిక్షణ విమానాన్ని క్లుప్తంగా ‘చురెన్’ అంటారు. ఇండొనేషియన్ల నోట అది ‘చురెంగ్’ అయింది. వారు చేసిన మార్పు చిన్నది: జపాన్ గుర్తయిన ఎర్రని సూర్యబింబంలో కింది సగానికి తెల్ల రంగు పూశారు. ఎరుపు, తెలుపు కలిసి తమ జెండా అయింది. అక్టోబరు 27న అగుస్తినుస్ అడిసుచిప్తో అనే చోదకుడు ఆ గుర్తుతో మగువో మీద ఎగిరాడు. నవంబరులో అక్కడే శిక్షణ పాఠశాల పెట్టి, అవే విమానాల మీద యువకులకు పాఠాలు చెప్పసాగాడు.

కథ ఇంతటితో ఆపి ఉంటే నాకు సుఖంగా ఉండేది. కానీ పిల్లలకు సగం చరిత్ర చెప్పడం ప్రమాదం. మిగతా సగం వాళ్లే చదువుకుంటారు, మనల్ని నమ్మడం మానేస్తారు. 1947 జులైలో డచ్చి సైన్యం దాడి ప్రారంభించింది. జులై 29 తెల్లవారుజామున మగువో నుంచి మూడు విమానాలు లేచాయి. వాటిలో రెండు చురెంగ్‌లు. నడిపినవారు ఇంకా శిక్షణలో ఉన్న కేడెట్లు. సలతిగ, అంబరావ, సెమరాంగ్ పట్టణాలలోని డచ్చి స్థావరాల మీద బాంబులు వేసి వచ్చారు.

ఇది చెప్పగానే మా అబ్బాయి ముఖం వెలిగింది. “చూశారా! వాళ్లు కూడా బాంబు కట్టారు.”

“కట్టారు. తరువాత?”

“తరువాత ఏమిటి?”

“వేసి, తిరిగి వచ్చారు. ముగ్గురు చోదకులూ మగువోలో దిగారు.”

యుద్ధం మంచిదని నేను వాడికి చెప్పదలచలేదు. ఆక్రమణదారును ఎదిరించడమూ, కుర్రవాళ్లను తిరిగిరాని ప్రయాణానికి పంపడమూ ఒకటి కావని మాత్రం చెప్పదలచాను. సరిగ్గా రెండేళ్ల ఎడంతో అదే తేదీన, అదే రకం విమానం. ఒక సైన్యానికి ఆ కుర్రవాళ్లు తూటాల వంటివారు. మరొక దేశానికి రేపటి ఉస్తాదులు.

ఆ రోజు సాయంత్రమే ప్రతీకారం జరిగింది. సింగపూరు నుంచి రెడ్‌క్రాస్ మందులతో వస్తున్న ఒక డకోటా రవాణా విమానాన్ని డచ్చి యుద్ధ విమానాలు మగువో సమీపంలో కూల్చివేశాయి. ఒక్కరు తప్ప అందులోని వారందరూ చనిపోయారు. వారిలో పాఠశాల స్థాపించిన అడిసుచిప్తో ఉన్నాడు. వైద్యాచార్యుడైన అబ్దుర్రహ్మాన్ సాలెహ్ ఉన్నాడు. వీటి-సీఎల్ఏ అన్న గుర్తు గల ఆ విమానం భారతదేశానిది. మన కొండలకు ఆవలి వైపునున్న ఒడిశాకు చెందిన బిజూ పట్నాయక్‌ది. అదే నెలలో ఆయన స్వయంగా జావాకు విమానం నడుపుకొని వెళ్లి, ఇండొనేషియా నాయకుడు షహ్రీర్‌ను బయటికి తెచ్చాడు. జులై 29ని ఇండొనేషియా వైమానిక దళం నేటికీ సేవాదినంగా స్మరిస్తుంది. యోగ్యకర్తలోని వైమానిక సంగ్రహాలయంలో ఒక చురెంగ్ నేటికీ ఉన్నది.

కొరాపుట్ వెళ్లే దారిలో సునాబెడ దగ్గర విమాన ఇంజన్ల కర్మాగారాన్ని మా అబ్బాయి ఎన్నోసార్లు చూశాడు. అది అక్కడికి రావడం వెనుక ఇదే బిజూ పట్నాయక్ కృషి ఉన్నదని ఒడిశా ప్రజలు చెప్పుకుంటారని అన్నప్పుడు, “మన పక్కవారే!” అని ఆశ్చర్యపోయాడు. జావా వాడికి ఒక్కసారిగా కొరాపుట్ అంత దగ్గరయింది.

నవంబరు మొదటి వారంలో, కాఫీ పండ్లు కోతకు వచ్చిన వేళ, గాలి పొడిబారింది. నారింజ రంగు ఈసారి తెల్లబారకుండా కుదిరింది. రెక్కల మీద ఎర్రని బింబాలు వాడే వేశాడు. రెండు రోజులు అలాగే ఉంచాడు. అది జపాన్ విమానంగా ఉండిపోతుందా అని నేను అడగలేదు. మూడవ రోజు అస్ర్ నమాజు తరువాత ఇంటికి వచ్చేసరికి, బింబాల మధ్యగా సన్నని టేపు అంటించి, కింది సగాలకు తెలుపు పూస్తున్నాడు. ఎరుపు మీద తెలుపు ఒక్క పూతతో నిలవదు. నాలుగు పూతలు పట్టాయి. ఎడమ రెక్క మీద తెలుపు అంచు కొంచెం పాకింది. దిద్దుదామా అంటే, “మగువోలో వాళ్లకు టేపు ఎక్కడిదబ్బా, వాళ్లదీ పాకే ఉంటుంది” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

మా అమ్మాయి మాత్రం ఖాళీ కుర్చీలను చూసి, ముందుది ఎవరిది, వెనుకది ఎవరిదని ఇప్పటికీ అన్నను వేధిస్తున్నది. విమానం అంకుడు పీఠం మీద, పుస్తకాల అల్మరాలో ఉన్నది. బాంబును వాడు అగ్గిపెట్టెలో దూది పరిచి అందులో పెట్టి, మిగిలిన ముక్కలతో పాటు సొరుగులో వేశాడు. పారవేయమని నేను అడగలేదు.